బడిలోకి వచ్చిన బేరం



1990లో అమెరికాలో క్రిస్ విటిల్ అనే వ్యాపారి బళ్లకు ఒక బేరం పెట్టాడు. బడి కప్పు మీద డిష్ యాంటెన్నా, క్లాసుకో టీవీ, వీసీఆర్లు, వాటన్నిటికీ వైరింగు, అంతా కంపెనీ ఖర్చే. బడి చిల్లిగవ్వ పెట్టనక్కర్లేదు. బదులుగా చెయ్యాల్సిన పని ఒక్కటే. రోజూ 12 నిమిషాల వార్తా కార్యక్రమాన్ని పిల్లలకు చూపించాలి. ఆ కార్యక్రమం పేరు ఛానెల్ వన్. అందులో 10 నిమిషాలు వార్తలు, 2 నిమిషాలు ప్రకటనలు.

బడ్జెట్ చాలక కొట్టుమిట్టాడుతున్న హెడ్మాస్టర్లకు ఇది వరంలా కనిపించింది. కాదనడానికి వాళ్ల దగ్గర బలమైన కారణం కూడా లేదు. పిల్లలకు ప్రపంచ విషయాలు తెలుస్తాయి, టీవీలు మిగతా పాఠాలకూ పనికొస్తాయి. పైగా వార్తలు చెప్పేవాళ్లు కుర్రవాళ్లు, చురుకైనవాళ్లు. తర్వాత రోజుల్లో సీఎన్ఎన్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న ఆండర్సన్ కూపర్ అక్కడ పనిచేసినవాడే. కార్యక్రమం బాగా నడిచిన రోజుల్లో అది దాదాపు 12,000 బళ్లకు, 80 లక్షల మంది పిల్లలకు చేరింది.

అయితే ఒప్పందంలో కొన్ని షరతులున్నాయి. బడి నడిచే రోజుల్లో నూటికి 90 రోజులు, క్లాసుల్లో నూటికి 80 క్లాసుల్లో ఈ కార్యక్రమం నడవాలి. మధ్యలో ఆపకుండా మొత్తం చూపించాలి. ఒప్పందం నుంచి తప్పుకుంటే సామాను వెనక్కి వెళ్లిపోతుంది. అంటే ప్రకటన వచ్చినప్పుడు టీవీ కట్టేసే అధికారం టీచరుకు లేదు. చూడను అనే అవకాశం పిల్లవాడికి లేదు. ఇంట్లో అయితే ప్రకటన రాగానే లేచి మంచినీళ్లకు వెళ్తాడు, రిమోట్ నొక్కుతాడు, అమ్మతో మాటల్లో పడతాడు. క్లాసులో బెంచీ దిగడానికి లేదు. కంపెనీ మాజీ అధ్యక్షుడు జోయెల్ బాబిట్ ఈ సంగతిని దాచిపెట్టలేదు. పిల్లలు ఛానెల్ మార్చలేకపోవడం, బాత్రూంకు వెళ్లలేకపోవడం, ఆ రెండు నిమిషాలూ చూసి తీరాల్సి రావడం, ఇవే ప్రకటనకర్తలకు తాము చూపించే పెద్ద ఆకర్షణ అని ఆయన బాహాటంగానే చెప్పాడు. అందుకే 30 సెకన్ల ప్రకటనకు 2 లక్షల డాలర్ల దాకా ధర పలికింది.

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. అమెరికాలో బడి ఏడాదికి సుమారు 180 రోజులు. రోజుకు 12 నిమిషాలంటే ఏడాదికి 36 గంటలు. అందులో ప్రకటనలకే 6 గంటలు, అంటే దాదాపు ఒక రోజు చదువు మొత్తం. ఆ సమయానికి టీచరు జీతం, కరెంటు, భవనం ఖర్చు భరిస్తున్నది పన్ను కట్టే ప్రజలు. అలెక్స్ మోల్నార్, మాక్స్ సావికీ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ఈ ఖర్చు కట్టి చూశారు. ఛానెల్ వన్ వాడుకుంటున్న బడి సమయం విలువ ఏడాదికి 180 కోట్ల డాలర్లని, అందులో ఒక్క ప్రకటనలకే 30 కోట్ల డాలర్లు పోతున్నాయని తేల్చారు. ఉచితంగా వచ్చిందనుకున్న టీవీకి ప్రజలు కట్టిన ధర అది.

మరి పిల్లలు నేర్చుకున్నదేమిటి? ఎరికా ఆస్టిన్, ఆమె సహచరులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల మీద చేసిన అధ్యయనం 2006లో 'పీడియాట్రిక్స్' అనే వైద్య పత్రికలో వచ్చింది. పిల్లలకు వార్తలకన్నా ప్రకటనలే ఎక్కువ గుర్తున్నాయని అందులో తేలింది. అంతకుముందు మూడు నెలల్లో ఆ కార్యక్రమంలో చూసిన వస్తువులను ఒక్కొక్కరు సగటున రెండున్నర చొప్పున కొన్నామని చెప్పారు. ఇంకో సంగతి మరింత బాధ పెడుతుంది. ఛానెల్ వన్ ఎక్కువగా పాతుకున్నది పేద పిల్లలు చదివే బళ్లలో. పుస్తకాలకే డబ్బు చాలని చోట టీవీ వద్దనే ధైర్యం ఎవరికుంటుంది?

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. బడికి ఎవరూ ఏమీ ఇవ్వకూడదని ఎవరూ అనరు. తెలుగు ఊళ్లలో బళ్లు లేచిందే దాతల చేతుల మీద. ఒకరు స్థలం రాసిచ్చారు, ఒకరు రెండు గదులు కట్టించారు, పాత విద్యార్థులు చందాలేసుకుని బోరు వేయించారు. అమెరికాలో, గల్ఫ్‌లో స్థిరపడ్డవాళ్లు సొంతూరి బడికి కంప్యూటర్లు పంపుతున్నారు. గుమ్మం పక్కన పాలరాతి మీద తాతగారి పేరు, ఫ్యాను రెక్క మీద అమ్మమ్మ పేరు చూస్తూనే ఉంటాం. ఆ పేరు పిల్లవాణ్ని ఏమీ కొనమని అడగదు. వాడి సమయం తీసుకోదు. ఇంటికెళ్లి నాన్నను సతాయించమని చెప్పదు. దాతకూ ప్రకటనకర్తకూ తేడా అక్కడుంది. ప్రకటనకర్త కొనుక్కునేది గోడ మీద చోటు మాత్రమే అనుకుంటే పొరపాటు. బడి మీద పిల్లలకుండే నమ్మకాన్ని కొనుక్కుంటాడు. క్లాసులో టీచరు ఎదుట, పాఠాల నడుమ వచ్చిన మాట నిజమేనని పిల్లలు నమ్ముతారు. ఆ నమ్మకాన్ని అద్దెకిచ్చే హక్కు బడికి లేదు.

ఆ అద్దె ఎంతదాకా పోతుందో అమెరికాలోనే కొలరాడో స్ప్రింగ్స్ ఊరు చూపించింది. అక్కడి డిస్ట్రిక్ట్ 11 బళ్ల యంత్రాంగం 1993లోనే బడి బస్సుల మీద, వరండాల్లో ప్రకటనలకు చోటిచ్చింది. 1997లో కోకా కోలాతో పదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. దాని విలువ 80 లక్షల డాలర్లకు పైమాటే. డబ్బు పూర్తిగా రావాలంటే మొదటి మూడేళ్లలో కనీసం ఒక్క ఏడాదైనా 70,000 కేసుల డ్రింకులు అమ్ముడుపోవాలి. మొదటి ఏడాది అమ్ముడైనవి సుమారు 21,000 కేసులు. అప్పుడు 1998లో ఆ యంత్రాంగంలోని ఒక అధికారి ప్రిన్సిపాళ్లందరికీ ఉత్తరం రాశాడు. డ్రింకుల మెషీన్లు పిల్లలకు రోజంతా అందుబాటులో ఉండే చోట పెట్టాలని, కొనుక్కుని తాగడానికి రోజంతా అనుమతించాలని సూచించాడు. అది బయటికొచ్చి పత్రికల్లో అచ్చయింది. విద్యాశాఖలో జీతం తీసుకునే మనిషి కూల్ డ్రింకుల అమ్మకాల లక్ష్యం గురించి బెంగ పెట్టుకోవడం ఎంత విడ్డూరమో ఆలోచించండి. ఆయన చెడ్డవాడు కానక్కర్లేదు. ఆ డబ్బుతో బళ్లకు ఏదో చేద్దామనే అనుకుని ఉంటాడు. కానీ ఒప్పందం మీద సంతకం పడగానే కంపెనీ లక్ష్యం బడి లక్ష్యమైపోయింది.

అదే 1998 మార్చిలో జార్జియా రాష్ట్రంలోని గ్రీన్‌బ్రయర్ హైస్కూల్లో కోక్ దినం జరిపారు. గెలిస్తే బడికి 10,000 డాలర్ల బహుమతి. కంపెనీ అధికారులు వచ్చారు. వెయ్యిమందికి పైగా పిల్లలు ఎర్ర, తెల్ల చొక్కాలు వేసుకుని కోక్ అనే అక్షరాల ఆకారంలో నిలబడ్డారు, ఫోటో కోసం. ఒక కుర్రాడు మాత్రం పోటీ కంపెనీ పెప్సీ చొక్కాతో కనబడ్డాడు. బడి అతణ్ని ఒక రోజు సస్పెండ్ చేసింది. చదువులో తప్పు చేసినందుకు కాదు, ఎవరినో కొట్టినందుకు కాదు. ఆ రోజు ఆ బడిలో క్రమశిక్షణకు కొలత కంపెనీ రంగే అయింది.

బ్రిటన్‌లో కథ మరో దారిలో నడిచింది. 2003లో క్యాడ్‌బరీ ఒక పథకం పెట్టింది. పిల్లలు చాక్లెట్ రేపర్లు పోగు చేసి బడికి తెస్తే, వాటికి బదులుగా ఆటల సామాను వస్తుంది. పిల్లల్లో ఊబకాయం పెరుగుతోందని దేశమంతా కంగారు పడుతున్న రోజులవి. అయినా అప్పటి క్రీడల మంత్రి దాన్ని సమర్థించాడు. ఫుడ్ కమిషన్ అనే స్వచ్ఛంద సంస్థ కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుంది. ఒక వాలీబాల్ నెట్, స్తంభాల సెట్టు రావాలంటే 5,440 చాక్లెట్ల రేపర్లు కావాలి. ఒక బాస్కెట్‌బాల్ తెచ్చుకోవడానికి సరిపడా చాక్లెట్లు పదేళ్ల పిల్లవాడు తింటే, ఆ కొవ్వు కరగడానికి 90 గంటలు ఆడాలి. ఈ లెక్క జనంలోకి వెళ్లాక పథకం నిలవలేదు. పెద్ద పెద్ద వాదనలు చెయ్యలేని పనిని రెండు వరుసల అంకెలు చేసిపెట్టాయి.

మన దగ్గరికి వద్దాం. ఆకాశవాణి ముందు కూర్చుని పెరిగిన తరానికి బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్ గుర్తుండే ఉంటుంది. 1972లో మొదలై, మొదట వేదికల మీద, తర్వాత రేడియోలో సాగింది. హమీద్ సయానీ, ఆయన తర్వాత తమ్ముడు అమీన్ సయానీ ప్రశ్నలు అడిగేవారు. 1990లలో అది టీవీకి వెళ్లింది. ఎంతోమంది పిల్లలకు ప్రశ్న వేసుకోవడంలో ఉండే ఆనందం దాంతోనే తెలిసింది. అది కంపెనీ డబ్బుతో జరిగిన మంచి పనే, అందులో సందేహం లేదు. ఇష్టమైనవాళ్లు విన్నారు, ఇష్టం లేనివాళ్లు రేడియో కట్టేశారు. క్లాసులో బలవంతంగా ఎవరూ వినిపించలేదు. అయినా ఒక పానీయం పేరు తెలివితేటలతో, చదువుతో ఎలా ముడిపడిపోయిందో చూడండి. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు ఒక సూచన పంపింది. బోర్న్‌విటాతో సహా ఇలాంటి పానీయాలను హెల్త్ డ్రింకుల విభాగంలో పెట్టవద్దని చెప్పింది. ఆహార భద్రత చట్టంలో హెల్త్ డ్రింక్ అనే నిర్వచనమే లేదన్నది కారణం. దశాబ్దాలపాటు పిల్లల మనసుల్లో నాటుకున్న పేరును ఒక్క కాగితం తుడిచెయ్యగలదా?

ఇంకో ఉదాహరణ దీనికన్నా చిక్కయినది. 2002లో హిందుస్తాన్ లీవర్ లైఫ్‌బాయ్ పేరుతో స్వాస్థ్య చేతన అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పల్లెటూళ్ల బళ్లకు మనుషులను పంపింది. వాళ్లు పిల్లల అరచేతులకు తెల్లటి పొడి రాసేవారు. నీళ్లతో కడుక్కోమనేవారు. చేతులు చూడ్డానికి శుభ్రంగానే ఉంటాయి. అప్పుడు వాటిని అతినీలలోహిత కాంతి కింద పెట్టేవారు. గోళ్ల సందుల్లో, వేళ్ల మధ్యన, మణికట్టు గీతల్లో మిగిలిపోయిన పొడి తళతళా మెరిసేది. సబ్బుతో రుద్ది కడిగాక మళ్లీ పెడితే మెరుపు పోయేది. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు. సబ్బుతో చేతులు కడుక్కుంటే విరేచనాల జబ్బులు తగ్గుతాయన్నది నూటికి నూరుపాళ్లు నిజం. మరి అభ్యంతరమేమిటంటే, ఆ పొడీ ఆ దీపమూ ప్రతి మండలంలో బడి చేతిలో, ఏఎన్ఎం చేతిలో ఉండాల్సినవి. ఏ సబ్బయినా పని చేస్తుందన్నది కూడా ఆ పాఠంలో భాగమే. సబ్బు అమ్మే కంపెనీ పాఠం చెబితే ఆ సగం చెప్పదు. ప్రభుత్వం వదిలేసిన జాగాలోకే కంపెనీ వస్తుంది. తప్పు వచ్చినవాడిది ఎంతో, వదిలేసినవాడిది అంతకన్నా ఎక్కువ.

పైగా వచ్చినవాళ్లు ఎల్లకాలం ఉంటారనే భరోసా లేదు. అమెరికాలో జాప్‌మీ అనే కంపెనీ బళ్లకు ఉచితంగా కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇచ్చింది. తెర మీద ఒక మూల ప్రకటనలు తిరుగుతుండేవి. లెక్కలు కుదరక 2000 చివర్లో బళ్ల వ్యాపారం నుంచి తప్పుకుంది. ఛానెల్ వన్ కూడా 2018లో మూతపడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. ట్యాబులు ప్రభుత్వం కొన్నవి, పాఠాలు కంపెనీ ఉచితంగా ఇచ్చినవి. అప్పటికి ఆ పేరు భారత క్రికెట్ జట్టు చొక్కా మీద ఉంది. ఖతర్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్ స్పాన్సర్ల జాబితాలోనూ ఉంది. 2024 జులైలో అదే కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పిల్లల పాఠం ఒక కంపెనీ జాతకం మీద ఆధారపడకూడదు. ఏ పార్టీ ప్రభుత్వం చేసినా, ఏ కంపెనీతో చేసినా ఇదే మాట.

తెలుగు రాష్ట్రాల్లో కళ్లెదుట జరుగుతున్న వ్యవహారం మరొకటుంది. పదో తరగతి పరీక్షలు దగ్గర పడే కాలానికి బళ్లలోకి టాలెంట్ టెస్టులు వస్తాయి. పెట్టేది ఏదో ఒక జూనియర్ కాలేజీ, కోచింగ్ సంస్థ. ప్రశ్నపత్రం, పెన్ను, ఒక ఎగ్జామ్ ప్యాడు ఉచితం. ర్యాంకు వస్తే ఫీజులో రాయితీ. పిల్లలు ఉత్సాహంగానే రాస్తారు. కాగితం పైభాగాన పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయాలి. అసలు పరీక్ష ఆ నాలుగు గడుల్లోనే ఉంది. వారం తిరిగేసరికి పీఆర్వోల ఫోన్లు మొదలవుతాయి. మీ అబ్బాయికి మంచి ర్యాంకు వచ్చిందండీ అంటారు. వ్యవసాయం అప్పులతో సతమతమయ్యే తండ్రికి ఆ మాట ఎంత బరువో చెప్పలేం. ఆ ఫోను తన ఇంటి దాకా ఎలా వచ్చిందో ఆయనకు తెలియదు. బడే దారి చూపించింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. పిల్లలను గురిచేసుకుని ప్రకటనలు పంపకూడదనీ అంటుంది. బళ్లలో కాగితం మీద నింపించి, తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించే ఈ జాబితాల గురించి కూడా ఆ చట్టం వెలుగులోనే ఆలోచించాలి.

చట్టం లేక కాదు మన ఇబ్బంది. బళ్లలో జంక్ ఫుడ్ అమ్మకాల గురించి ఢిల్లీ హైకోర్టులో 2010లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం మీద 2015లో తీర్పు వచ్చింది. దాని ఫలితంగా కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపునా అమ్మకూడదు, ప్రకటించకూడదు, ఉచితంగా పంచనూ కూడదు. ఉచితం అన్న మాటను చట్టంలో చేర్చిన చెయ్యి ఎవరిదో గానీ, బళ్ల సంగతి బాగా తెలిసిన చెయ్యి. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2021లో దాని నిబంధనల్లో ఒక స్పష్టత చేర్చారు. సరుకుకు గిరాకీ పెంచుకోవడానికి ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఈ ఖర్చు కిందికి రాదు. అంటే బడికి కంపెనీ డబ్బు రావచ్చు, దాని వెంట సరుకు ప్రచారం రాకూడదు. ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధి ఫరీదా షహీద్ 2014లో ఇచ్చిన నివేదిక ఇంకా ముందుకెళ్లి, ప్రభుత్వ, ప్రైవేటు బళ్లు రెంటిలోనూ వాణిజ్య ప్రకటనలను పూర్తిగా నిషేధించాలని కోరింది.

ఇవి అమలు చేసేదెవరు? విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడిలో ఉండే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. చాలాచోట్ల ఆ కమిటీ సభ్యులు సంతకానికి తప్ప ఎక్కడా కనబడరు. కంపెనీ ఏదైనా ఇస్తానన్నప్పుడు ఆ కాగితం కమిటీ ముందు పెట్టి, గట్టిగా చదివి వినిపించమని అడిగే హక్కు వాళ్లకుంది. ఇచ్చే వస్తువు మీద కంపెనీ గుర్తు ఉంటుందా, పిల్లల పీరియడ్లు ఎన్ని పోతాయి, ఫోన్ నంబర్లు ఎవరి దగ్గరికి వెళ్తాయి, కంపెనీ తప్పుకుంటే వస్తువు బడికే మిగులుతుందా అని ఒక్కొక్కటే అడగాలి. జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించాలి. హెడ్మాస్టరుకు కూడా ఇది అండ. పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు కమిటీ ఒప్పుకోలేదని చెప్పే వీలు ఆయనకు దొరుకుతుంది.

ప్రభుత్వ సాయం అందని ప్రైవేటు బళ్లకు ఇలాంటి కమిటీ చట్టపరంగా తప్పనిసరి కాదు. అక్కడ ఫీజు కట్టే తల్లిదండ్రులే నోరు విప్పాలి. తినుబండారాల నిబంధన మాత్రం అన్ని బళ్లకూ ఒకటే. దాన్ని మీరితే ఏ తల్లి అయినా, ఏ తండ్రి అయినా జిల్లాలోని ఆహార భద్రత అధికారికి తేదీ, బడి పేరు, సరుకు పేరు రాసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి.